మొదటి వంతు వదులుకోవచ్చా?

కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా పంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇది 1936లో మొదలైంది. ఇప్పుడు ఏటా 32 జట్లు ఏడు విడతలుగా, కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్లను ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతకు విడతలో చివరి వంతు. బలం లేనివాడికి ముందు వడ్డించాలన్నది దీని ఉద్దేశం. వంతును వాడుకోవడమే కాదు, మార్చుకోవచ్చు కూడా. మొదటి వంతు దక్కిన జట్టు దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి, బదులుగా తొమ్మిదో వంతు, రెండో విడతలో మరో వంతు, వచ్చే ఏటి మొదటి విడత వంతు పుచ్చుకోవచ్చు. ఇది వెనక్కి జరగడం. ఎదుటి జట్టు చేసింది ముందుకు జరగడం. ఒక్క గొప్ప ఆటగాడి కోసం నలుగురిని వదులుకోవాలా, నలుగురి కోసం ఆ ఒక్కణ్ణి వదులుకోవాలా అన్నదే ప్రశ్న.

భారత్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ 2014లో దేశీ ఆటగాళ్లను డ్రాఫ్ట్‌తోనే పంచింది. 2017 తర్వాత ఆ పద్ధతి పోయింది. ప్రో కబడ్డీలో వేలం నడుస్తోంది. పద్ధతులు వేరైనా ప్రశ్న ఒక్కటే. తెలంగాణలో దానికి ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఒక రకంగా, కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ ఇంకో రకంగా జవాబు చెప్పాయి. రెండు జవాబులూ సగం సగమే.

ఈ వాదంలో ఇద్దరున్నారు. జగిత్యాలలో పీఈటీ సారు వెనక్కి జరగడమే తెలివంటారు. సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆసామి, ముందు వంతు చేతికొస్తే విడవొద్దంటాడు. ఊళ్లో చిట్టీ నడిపే మనిషి కాబట్టి లెక్కల్లో సారుకు తీసిపోడు. జగిత్యాలకు దగ్గర్లో కోరుట్ల. అక్కడి ఇళ్ల నుంచి ఒకప్పుడు దుబాయ్, మస్కట్ వెళ్లేవారు. ఇప్పుడు పిల్లలు డాలస్ పక్కకూ వెళ్తున్నారు. అమెరికా ఆట ఈ రెండు ఊళ్ల మధ్య చర్చకు రావడానికి కారణం ఆ పిల్లలే.

సారు మొదటి మాట ధర గురించి. "అన్నా, మొదటి వంతు మీద అందరి కన్నుంటది. అందరి కన్ను పడ్డదాని ధర, దాని విలువ కన్న ఎప్పుడూ ఎక్కువే ఉంటది. గందుకే అమ్మాలె."

"సారూ, అందరి కన్ను ఊర్కెనే పడదు గద. సరుకు మంచిగున్నది కాబట్టే పడ్డది."

ఇక్కడ సారుకు అండగా ఒక పట్టిక ఉంది. డాలస్ కౌబాయ్స్ జట్టులో వాటాదారు మైక్ మెకాయ్ 1991లో ప్రతి వంతుకూ మార్కులు వేసి ఒక జాబితా తయారుచేశాడు. మొదటి వంతుకు 3000, పదో వంతుకు 1300, పదహారో వంతుకు 1000, ఇరవై ఎనిమిదో వంతుకు 660. ఆ లెక్కన పది, పదహారు, ఇరవై ఎనిమిది కలిపితే 2960. అంటే ఒక్క మొదటి వంతు ఇచ్చి మొదటి విడతలోనే ముగ్గురిని తెచ్చుకోవచ్చు. ఆ పట్టిక కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో లీగంతా పాకింది. జట్లు చాలాకాలం దాన్నే బజారు ధరగా వాడుకున్నాయి.

ఆ ధర సరైనదేనా అని కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. 2005లో మొదట బయటికొచ్చిన వారి పత్రం 2013లో అచ్చయింది; థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిని తీసుకుంటే, ముందు ఎంపికైనవాడు తన వెనుకే ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడేది నూటికి 52 సార్లేనని వాళ్లు తేల్చారు. నాణెం ఎగరేసినదానికి పెద్ద తేడా లేదు. ఇచ్చే జీతాన్ని ఆటలోంచి తీసేసి చూస్తే, జట్టుకు ఎక్కువ మిగిలేది మొదటి వంతులో కాదు, రెండో విడత మొదట్లో.

"నూటికి యాభై రెండు," అన్నారు సారు. "దానికి మూడింతలు పెట్టుడు ఏం లెక్క? మా బడిలనే చూస్తున్న. కరీంనగర్ స్పోర్ట్స్ స్కూల్‌కు నాలుగో తరగతి పిల్లలను పంపుతం. ఆ వయసుల అందరి కన్న ముందు ఉరికెటోడు పదో తరగతికి వచ్చేసరికి ముందుంటడని ఎవలు చెప్పగలరు? చెప్పలేనప్పుడు ఒక్కని మీద పెట్టుడు కంటే నలుగురి మీద పెట్టుడు నయం. నువ్వు చిట్టీ నడిపిస్తవు. మొదటి నెలల్ల పాడుకునేటోడు ఎంత నష్టానికి ఎత్తుకుంటడు? ఆ నష్టం ఎవలకు లాభం? ఆగినోళ్లకే గద."

డ్రాఫ్ట్‌లో ఆగడానికి వచ్చే లాభం చిన్నది కాదు. ఈ ఏడు మూడో విడత వంతు ఇచ్చిన జట్టుకు వచ్చే ఏడు రెండో విడత వంతు దక్కడం అక్కడ మామూలు మారకం. ఒక్క ఏడాది ఓపికకు ఒక విడత మొత్తం వడ్డీ. కోచ్‌లు, మేనేజర్లు తమ ఉద్యోగం వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియక ఈ ఏటి ఆటగాడికి ఎంతైనా ఇస్తారు. ఆ తొందరే ఆగినవాడి రాబడి.

ఆసామి చిట్టీ మాటను ఒప్పుకుంటూనే తిప్పికొట్టాడు. "ఆగినోనికే లాభం, కాదంటలేను. కని చిట్టీల ఆగినోనికి ఆఖర్న చేతికొచ్చేది పైసలు సారూ. లెక్కపెట్టుకోవచ్చు. మీ డ్రాఫ్ట్‌ల ఆగినోనికి వచ్చేది ఇంకో వంతు. ఆ వంతుల ఎవడు వస్తడో, వాడు ఆడుతడో లేదో దేవునికెరుక. ఇంకోటి, మొదటి నెలనే ఎత్తుకున్నోడు పిచ్చోడు కాదు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు. అవసరం వానిది."

ఈ జవాబులో పస ఉంది. పైగా 52 అన్నది పక్కపక్కనే ఎంపికైన ఇద్దరి మధ్య పోలిక. ఒకటో వంతుకూ ముప్పయ్యో వంతుకూ మధ్య అది వర్తించదు. ఆ దూరంలో తేడా స్పష్టంగా పెరుగుతుంది. జీతాల సంగతీ మారింది. 2010లో మొదటి వంతులో వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. 2011లో కొత్త జీతాల నిబంధన వచ్చాక అదే వంతులో వచ్చిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దాదాపు 2 కోట్ల 20 లక్షలే. ఒక్క ఏడాదిలో మొదటి వంతు చౌకైపోయింది. మాసీ, థేలర్ లెక్కలు ఎక్కువగా పాత జీతాల కాలానివి. ఆసామికి ఇది తెలిసినప్పుడు, "మరి ఇప్పుడెందుకు అమ్ముడు?" అన్నాడు. సారు దీనికి పూర్తి జవాబు ఇవ్వలేదు. ధర తగ్గినా దాని కోసం ఎగబడే జట్లు తగ్గలేదన్నారు. అది జరిగింది కూడా.

వెనక్కి జరగాలనేవాళ్లు ముందుగా చెప్పే ఉదాహరణ డాలస్‌దే. 1989 అక్టోబర్‌లో ఆ జట్టు తన ఏకైక తారను, పరుగుల వీరుడు హెర్షెల్ వాకర్‌ను, మిన్నెసోటా జట్టుకు ఇచ్చేసింది. బదులుగా ఐదుగురు ఆటగాళ్లు, వంతుల కట్ట. ఆ సీజన్ డాలస్ 16 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. తర్వాత 1992, 1993, 1995 సీజన్లకు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలుచుకుంది. వాకర్‌ను కొన్న మిన్నెసోటాకు ఒక్కటీ రాలేదు.

"ఇగ దీనికేమంటవ్ అన్నా?"

"అంటా. ఆ వంతులన్నీ డాలస్ ఏం చేసింది సారూ? అన్నిటినీ ఊకెనే పెట్టి చిన్న చిన్నోళ్లను తెచ్చుకున్నదా? 1990ల ఎమిట్ స్మిత్ కావాలని ఇరవై ఒకటో వంతు నుంచి పదిహేడుకు ముందుకు జరిగింది. 1991ల మొదటి వంతు కావాలని దాన్ని కొన్నది. వెనక్కి జరిగి సంపాయించింది, ముందుకు జరిగి ఖర్చు పెట్టింది. ఆఖరికి ముందుకు పోయిందే పని జేసింది."

ఇది నిజం. వాకర్ మారకం వెనక్కి జరగడానికి ఉదాహరణగా ప్రసిద్ధమైంది గాని, దాని ఫలం ముందుకు జరగడంలో తేలింది. స్మిత్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పరుగుల దూరం నమోదుచేశాడు. పోగు చేయడం ఒక పని, పోగు చేసినదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం ఇంకో పని. ఈ రెండోదాని గురించి వెనక్కి జరిగే వాదం తక్కువ మాట్లాడుతుంది.

సారు తర్వాత షికాగో సంగతి ఎత్తారు. 2023లో మొదటి వంతు షికాగో బేర్స్‌ది. కరోలినా పాంథర్స్ దాన్ని కొనడానికి తన తొమ్మిదో వంతు, రెండో విడతలో 61వ వంతు, 2024 మొదటి విడత వంతు, 2025 రెండో విడత వంతు, వాటిపైన డీజే మూర్ అనే నిలదొక్కుకున్న ఆటగాణ్ణి ఇచ్చింది. కరోలినా మొదటి వంతుతో, దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి బ్రైస్ యంగ్‌ను తీసుకుని ఆ సీజన్ 17 మ్యాచ్‌లలో రెండే గెలిచి అడుగున పడింది. దాంతో 2024లో ఆ జట్టు ఇచ్చిన వంతే మొదటి వంతు అయి కూర్చుంది. షికాగో దాంతో కేలబ్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. 2023లో రెండో వంతుకు హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్ ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు.

"మొదటోడు కాదు, రెండోడు ఎక్కువ ఆడిండు. నేను చెప్పేది గదే."

"షికాగో సరే. మరి కాన్సస్ సిటీ సంగతి? 2017ల ఇరవై ఏడో వంతు, తొంభై ఒకటో వంతు, మరుసటేడు మొదటి విడత వంతు ఇచ్చి బఫెలో దగ్గర పదో వంతు కొన్నది. వచ్చినోడెవడు? మహోమ్స్. మూడు సూపర్ బౌల్‌లు. వెనక్కి జరిగిన బఫెలోకు ఎన్నొచ్చినయ్?"

ఒక్కటీ రాలేదు. సారు ఇక్కడ తడబడలేదు గాని వాదం మార్చారు: మహోమ్స్ లాంటివాడు దొరికేది ఎప్పుడో ఒకసారి, దాని మీద నియమం కట్టలేమన్నారు. ఆసామి అప్పుడు సెయింట్ లూయిస్ రామ్స్‌ను ముందుకు తెచ్చాడు. వెనక్కి జరగడాన్ని వంట పుస్తకంలా పాటించే జట్లు చదవాల్సిన కథ అది. 2012లో రామ్స్ తమ రెండో వంతును వాషింగ్టన్‌కు ఇచ్చి, బదులుగా ఆ ఏటి ఆరో వంతు, రెండో విడత వంతు, 2013, 2014 మొదటి విడత వంతులు పుచ్చుకున్నారు. అంతా దోచుకున్నారనే అన్నారు. ఆ తర్వాత 2012 నుంచి 2016 దాకా ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా రామ్స్ ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. 2014లో వాషింగ్టన్ నుంచి వచ్చిన వంతు ఏకంగా రెండోది. దాంతో తెచ్చుకున్న గ్రెగ్ రాబిన్సన్ నిలబడలేదు.

"అదే ఏడు, అదే జట్టు," సారు అందుకున్నారు, "సొంత పదమూడో వంతుల ఆరన్ డోనాల్డ్‌ను తీసుకున్నది. ఆ ఆటల ఆ కాలపు గొప్ప డిఫెండర్లల్ల ఒకడు. రెండో వంతోడు పోయిండు, పదమూడోడు నిలిచిండు. నీ ఉదాహరణ నా దిక్కే మాట్లాడుతున్నది అన్నా."

ఆసామి నవ్వేశాడు. ఉదాహరణలు రెండు పక్షాలకూ దొరుకుతాయి. వాటిని గుట్ట పోసి గెలవడం కుదరదు. తెలంగాణ జట్ల చరిత్రలో ఈ వాదం మరింత దగ్గరగా పరీక్షకు నిలిచింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె జట్టు స్థానంలో సూపర్ లీగ్‌లోకి వచ్చింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊరికి చాలా ఏళ్ల తర్వాత దొరికిన పెద్ద జట్టు. మొదటి సీజన్‌లో అట్టడుగు. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాక జట్టు కుర్రాళ్ల మీద ఆధారపడింది: ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, గోవా కుర్రాడు లిస్టన్ కొలాసో. 2020-21లో ఐదో స్థానం, ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు దూరం. ఆ వెంటనే జట్టు లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మేసింది. ధర సుమారు కోటి రూపాయలని పత్రికలు రాశాయి. భారతీయ ఆటగాడి బదిలీకి అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. డ్రాఫ్ట్ లేని లీగ్‌లో వెనక్కి జరగడమంటే ఇదే.

మరుసటి సీజన్‌లో లిస్టన్ కోల్‌కతా జట్టుకు ఎనిమిది గోల్స్ చేశాడు. అయినా సెమీఫైనల్లో అదే జట్టును హైదరాబాద్ రెండు మ్యాచ్‌లలో కలిపి 3-2తో ఓడించింది. 2022 మార్చి 20న మడ్గావ్ ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 వద్ద ఆగితే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు.

"అమ్మినోడు గెలిచిండు, కొన్నోడు సెమీస్‌ల ఇంటికి పోయిండు," అన్నారు సారు. "దీనికి మించి సాక్ష్యం ఏం కావాలె? ఇంకా కావాల్నంటే 2017 డ్రాఫ్ట్ చూడు. జంషెడ్‌పూర్ మొట్టమొదట అనస్ ఎడతొడికను తీసుకున్నది, ఏటీకే యూజిన్‌సన్ లింగ్డోను. చెరి కోటి పది లక్షలు. ఒకటి ఐదో స్థానం, ఒకటి తొమ్మిదో స్థానం."

"సారూ, ఆ కప్పు తెచ్చినోడు లిస్టన్‌కు బదులొచ్చిన నలుగురు పోరగాళ్లు కాదు. ఒగ్బెచె. పద్దెనిమిది గోల్స్. లీగ్‌ల అందరి కన్న ఎక్కువ. ముంబై జట్టు నుంచి తెచ్చుకున్న ముప్పై ఏడేండ్ల తార. మీరు తారను అమ్మిండ్రని చెప్తున్నరు, తారను తెచ్చుకున్నరని చెప్తలేరు."

సారు వాదంలో ఇది అసలైన బొక్క. హైదరాబాద్ లోతు పెంచుకుంది నిజమే. కాని ఆ లోతు ముందు నిలబడి గోల్స్ కొట్టే ఒక్కణ్ణి మాత్రం వదులుకోలేదు. మరుసటి ఏడు కథ ఇంకోవైపు తిరిగింది. ఆశిష్ రాయ్ కూడా కోల్‌కతా జట్టుకే వెళ్లాడు. 2022-23లో హైదరాబాద్ మళ్లీ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది గాని, సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ పెనాల్టీలతో దాన్ని దాటి కప్పు ఎత్తుకుపోయింది. కొన్నవాడి వంతు ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది.

ఆ తర్వాత సంగతి ఆటది కాదు, డబ్బుది. 2023-24లో జీతాలు ఆగిపోయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి, బదిలీ నిషేధం పడి, కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి అడుగున ఆగింది. 2025లో కొత్త యాజమాన్యం కింద జట్టు ఢిల్లీకి తరలిపోయింది. సారు దృష్టిలో దీనికీ లిస్టన్ అమ్మకానికీ సంబంధం లేదు. ఆసామి ఒప్పుకోలేదు: "వెనక్కి జరుగుడంటే రేపటి కోసం ఆగుడు. రేపటి దాక జీతాలు ఇచ్చే మాలిక్ ఉంటెనే గద ఆగేది. లేకుంటే ఇయ్యాల్నే వాడుకోవాలె." ఓపిక కూడా ఖర్చుతో కూడినదే. ఆ ఖర్చు భరించలేని జట్టుకు రేపటి వంతులు కాగితాలుగానే మిగులుతాయి.

కబడ్డీ లెక్క వేరు. మ్యాట్ మీద ఏడుగురే. ప్రతి రెయిడ్‌కు ఒక్కడే వెళ్తాడు. మొదటి రెయిడర్‌కు జట్టు పాయింట్లలో పెద్ద వాటా ఉంటుంది. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది, అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసేవాళ్లు, అడ్డుకునేవాళ్లు వేరు వేరు, జాబితాలో 53 మంది. ఆడేవాళ్లు తక్కువైనకొద్దీ ఒక్కడి బరువు పెరుగుతుంది. సిద్ధాంతం ప్రకారం తార వాదం కబడ్డీలోనే బలంగా నిలవాలి. ఐదో సీజన్‌లో పర్దీప్ నర్వాల్ ఒక్కడే 369 రెయిడ్ పాయింట్లు చేశాడు. పాట్నా వరసగా మూడో కప్పు గెలిచింది. ఆసామికి ఈ అంకె నోటికి వస్తుంది.

తెలుగు టైటాన్స్ ఆ దారినే పోయింది. ఏడో సీజన్‌కు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.45 కోట్లకు కొంటే పన్నెండు జట్లలో పదకొండో స్థానం. పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తెచ్చింది. ఒక జట్టు మొత్తం ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లే. అందులో సగానికి మించి ఒక్కడికి. ఆ సీజన్ 22 మ్యాచ్‌లలో రెండు గెలుపులు, ఆఖరి స్థానం. అంతకుముందు తొమ్మిదో సీజన్‌లో తమిళ్ తలైవాస్ అదే పవన్‌ను 2.26 కోట్లకు కొంది. అతను మొదటి మ్యాచ్‌లోనే గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. అతను లేకుండానే తలైవాస్ మొదటిసారి సెమీఫైనల్స్‌కు చేరింది. సారు దీన్ని వివరించకుండానే వదిలేశారు. వివరించాల్సిన పనీ లేదు.

ఆసామికి ఇంకో పేరు మిగిలింది. "షాద్లూయి."

ఇరాన్ ఆల్‌రౌండర్ మొహమ్మద్‌రెజా షాద్లూయిని పదో సీజన్‌కు పుణెరి పల్టన్ 2.35 కోట్లకు కొని కప్పు గెలిచింది. పదకొండో సీజన్‌కు హరియాణా స్టీలర్స్ 2.07 కోట్లకు కొని కప్పు గెలిచింది. రెండేళ్లు, రెండు జట్లు, ఒకే మనిషి. "దీనికి యాభై రెండు శాతం లెక్క పనికొస్తదా సారూ?"

"పుణె జట్టుల మిగిలినోళ్లెవలు? ఏండ్ల సంది సొంతంగ పెంచుకున్న పోరగాళ్లు. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్. లోతు మీద తారను పెట్టిండ్రు. మన టైటాన్స్ తార కింద ఏమీ పెట్టలే. మరి పన్నెండో సీజన్‌ల గుజరాత్ గదే షాద్లూయిని 2.23 కోట్లకు కొన్నది గద. ప్లేఆఫ్స్ దాక కూడ రాలే."

ఇద్దరి మాటలూ ఇక్కడ ఒకచోటికి వస్తాయి, ఎవరూ ఒప్పుకోకపోయినా. ముందు వంతుకు విలువ ఇచ్చేది దాని వెనకున్న జట్టు. వెనక ఏమీ లేని జట్టు, అంటే డ్రాఫ్ట్‌లో మామూలుగా మొదటి వంతు దక్కే జట్టు, వెనక్కి జరగడమే మేలు. దానికి కావాల్సింది ఒకడు కాదు, చాలామంది. దీనికి ఒక్క మినహాయింపు ఉంది: ప్రతి ఆటలోనూ బంతి ముట్టుకునే క్వార్టర్‌బ్యాక్ లాంటి, బదులు దొరకని స్థానం. ఆ స్థానం ఖాళీగా ఉండి, దానికి తగినవాడు ఎదురుగా ఉంటే అమ్మడం తప్పు. తగినవాడో కాదో తెలుసుకునే కన్ను జట్టుకు ఉండాలి. ఆ కన్ను లేని జట్టుకు మొదటి వంతైనా, మూడు వంతులైనా ఒకటే అని రామ్స్ ఐదేళ్లు నిరూపించారు.

వేలంలో నడుమ దారి ఒకటుంది. ప్రో కబడ్డీలో ఫైనల్ బిడ్ మ్యాచ్ అనే నిబంధన కింద, జట్టు తన ఆటగాణ్ణి వేలానికి వదిలి, మరొకరు పాడిన ఆఖరి ధరకు వెనక్కి తీసుకోవచ్చు. టైటాన్స్ పదకొండో సీజన్‌కు పవన్‌ను అలాగే 1.725 కోట్లకు తిరిగి తెచ్చుకుని 88 లక్షలు మిగుల్చుకుంది. ఆ ఏడు ఏడో స్థానం, ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు కింద. పన్నెండో సీజన్‌కు పవన్‌ను వదిలేసింది, తలైవాస్ 59.5 లక్షలకు తీసుకుంది. టైటాన్స్ భరత్ హుడాను 81 లక్షలకు కొని, విజయ్ మాలిక్‌ను అదే నిబంధనతో 51.5 లక్షలకు నిలబెట్టుకుని కెప్టెన్ చేసింది. ఇద్దరికీ కలిపి 1.325 కోట్లు, పదో సీజన్‌లో పవన్‌కు పెట్టిన ధరలో దాదాపు సగం. ఆ జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. ఎన్నో ఏళ్లలో టైటాన్స్‌కు అది మంచి సీజన్.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. పవన్ లాంటి ఇంకొకడు వచ్చే వేలానికి వస్తే టైటాన్స్ ఎంతదాకా పాడాలి?

"ఐదు కోట్లల్ల నాలుగో వంతు," అన్నారు సారు. "కోటి ఇరవై ఐదు. దాటితే చెయ్యి దించాలె."

"మూడో వంతు," అన్నాడు ఆసామి. "కోటి అరవై ఏడు. అంతకు దించితే వాడు పక్క జట్టుల ఆడి మనల్నే ఓడిస్తడు."

తేడా 42 లక్షలు. అంతకు ఇద్దరు మంచి కార్నర్ డిఫెండర్లు వస్తారని సారు లెక్క చెప్పారు. విజయ్ మాలిక్ కూడా రాడు గదా అని ఆసామి అడిగాడు.